పనీపాటా లేని వేలు

నేను నిద్రపోతున్నాననుకుంటున్నాడు. అనుకోనీ. కళ్ళు మూసుకుంటే చాలు, మనిషి నిద్రపోయినట్టే ఈయన లెక్క. మంచం ఒకవైపు కుంగింది, అంటే వచ్చి నా నడుము పక్కన కూర్చున్నాడు, కూర్చునే ముందు మోకాలు టక్కుమంది, లిఫ్టులు బాగుచేస్తూ వాటి కింది గుంతల్లో గంటలకొద్దీ గొంతుక్కూర్చునే మోకాలు, ఎంత పిల్లిలా వచ్చినా అదే పట్టిచ్చేస్తుంది. దిండు కింద నుంచి ఫోను మెల్లగా లాగుతున్నాడు. లాగండి, నేనేం కదలను. ఊపిరి మాత్రం తేడా రాకుండా తీయాలి. కాస్త గురక కూడా కలుపుదామా అనిపించింది కానీ అది మరీ ఎక్కువైపోతుంది, నాకు గురక లేదని ఏళ్ళ తరబడి వాదించి గెలిచినదాన్ని, ఇప్పుడు నా నోటితో నేనే ఓడిపోవాలా. బయట వాన వెలిసింది, కిటికీ మీది రేకు మీద చుక్క తర్వాత చుక్క పడుతోంది, పక్క గదిలో నా కుట్టు మిషను మీద కప్పిన గుడ్డ ఫ్యాను గాలికి టపటపమంటోంది. ఆదివారం మధ్యాహ్నం. కుట్టు లేదు, ఆయనకు పిలుపులు లేవు, ఊళ్ళో లిఫ్టులన్నీ బుద్ధిగా ఎక్కి దిగుతున్నట్టున్నాయి.

కుడిచెయ్యి ఎత్తాడు. పనివాడి చెయ్యి కదా, బరువు ముందే అంచనా వేసుకుని పట్టుకుంటాడు. బొటనవేలు. చల్లగా అద్దం తగిలింది, తగిలిన వెంటనే ఫోను బుర్రుమని వణికింది. కాదంది. ఎందుకు కాదనదు, ఆ వేలికి గీతలెక్కడున్నాయి, కత్తెర పిడి తోసి తోసి నున్నగా చేసేసింది. ఈ ఫోను కొన్నరోజు షాపాయన ఎన్ని తంటాలు పడ్డాడో, ముందు బొటనవేలు పెట్టమన్నాడు, మళ్ళీ పెట్టమంది ఫోను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ మళ్ళీ పెట్టమంది, చూపుడువేలు పెడితే అదీ అంతే, సూది పోట్లతో జల్లెడైన వేలు. షాపాయన నా చెయ్యి వెలుతురులోకి తిప్పి చూసి, "ఏంటమ్మా, మీ వేళ్ళకి గీతలే లేవు?" అన్నాడు. "ఉన్న గీతలన్నీ సుద్దముక్కతో గుడ్డల మీద గీసేశానండీ" అన్నాను. ఆయన నవ్వి ఒక్కొక్క వేలే పట్టి చూశాడు, ఉంగరపు వేలు సరిగా పలకలేదు, మధ్యవేలు ఒకసారి అవునని ఒకసారి కాదంది, చివరికి ఎడమచేతి చిటికెన వేలు దగ్గరికి వచ్చాడు, అది పెట్టగానే గుటుక్కున మింగినట్టు తీసుకుంది. ఇన్నేళ్ళ కుట్టులో గుడ్డ పట్టనిదీ, సూది అందుకోనిదీ, కత్తెరలో దూరనిదీ అదొక్కటే. పనీపాటా లేకుండా పక్కన నిలబడి తక్కిన నాలుగింటినీ చూస్తూ ఉంటుంది. అదే నా తాళంచెవి అయింది.

ఆ షాపాయనే ఇంకో మాట కూడా అన్నాడు. "జాగ్రత్తమ్మా. ముఖం తాళం పెట్టుకుంటే మీరు కళ్ళు మూసుకున్నప్పుడు తెరుచుకోదు. వేలు తాళం అట్లా కాదు, మీరు నిద్రలో ఉన్నా దానికి సంబంధం లేదు, వేలు తగిలితే చాలు. పక్కన పడుకునేవాళ్ళు మంచివాళ్ళయితే ఇబ్బంది లేదనుకోండి." నేను నవ్వాను, మా పక్కన పడుకునేవాడు పొద్దంతా బిగుసుకుపోయిన తలుపులు తెరిచి తెరిచి ఇంటికొస్తాడండీ, ఇంకో తలుపు చూస్తేనే విసుగు ఆయనకి, అన్నాను. నిజం కూడా. నా సంచి నేను లేనప్పుడు ముట్టుకోడు, నాకొచ్చిన కొరియరు కవరు చింపడు, తన ఫోనుకి అసలు తాళమే లేదు, గ్రీజు వేళ్ళతో ఎవడు తెరుస్తాడే, అంటాడు. అలాంటి మనిషి ఇవాళ నా వేలు పట్టుకుని కూర్చున్నాడు. ఎంత మథనపడి ఉంటే ఇంత పనికి దిగుతాడు.

అంతా బొత్తాల షాపు వల్లే. భోజనాల దగ్గర ఫోను టింగుమంది, ఆయన వైపే ఉంది, వంగి చూశాడు. బొత్తాల షాపు, వాయిస్ మెసేజ్, అని ఉంటుంది, అంతకుమించి కనబడకుండా ఫోను షాపాయన చేతే పెట్టించుకున్నాను. "బొత్తాల షాపు ఆదివారం కూడా తీస్తున్నారా?" అన్నాడు. "సరుకేదో వచ్చిందేమోలెండి" అన్నాను. "ఊఁ" అన్నాడు. కాసేపాగి మళ్ళీ టింగు. మళ్ళీ "ఊఁ". నాకు ఆ ఊఁ సంగతి తెలుసు. లిఫ్టు దగ్గర జనం వచ్చి, అదే ఆగిపోయిందండీ, మేమేం ముట్టుకోలేదు, అన్నప్పుడు కూడా అదే ఊఁ అంటాడట. ఎంత తెలివితక్కువదాన్ని, పేరు మార్చి పెట్టుకోవడం తెలిసింది కానీ ఆ పేరుగలవాడు ఆదివారం షట్టరు దించేస్తాడని గుర్తు లేకపోయింది. ఇప్పుడేమనుకుంటున్నాడో. బొత్తాలాయనతో నాకేదో నడుస్తోందనా? దేవుడా, నవ్వొస్తోంది, పొట్ట బిగపట్టాలి, బొత్తాలాయనకి నోట్లో ఉన్న పళ్ళ కంటే చొక్కాకి ఉన్న బొత్తాలు తక్కువ, బొత్తాలమ్ముకునేవాడికి చొక్కా మీద ఒక్క బొత్తామూ సరిగ్గా ఉండదు, ఆయన కోసమా నేను ఆదివారం మధ్యాహ్నం దొంగ నిద్ర పోవడం. నవ్వకు, నవ్వకు, ఊపిరి తీయి.

చూపుడువేలు. బుర్రు. ఆగాడు. వేలిని తన బనియను అంచుతో తుడుస్తున్నాడు, దుమ్ము ఉందనుకున్నాడు పాపం, తుడిచి నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి ఊదాడు. వెచ్చగా ఉంది. ఎన్నాళ్ళయింది ఈ వేలిని ఇంత జాగ్రత్తగా ఎవరైనా పట్టుకుని. మళ్ళీ పెట్టాడు. "పదమ్మా, పద" అని గొణిగాడు, నాతో కాదు, ఫోనుతో, మొండికేసిన లిఫ్టుల్ని కూడా ఇట్లాగే బుజ్జగిస్తాడని ఆయనతో పనిచేసేవాళ్ళు చెప్పుకుని నవ్వుతారు. ఫోను లిఫ్టు కాదు కదా. మళ్ళీ బుర్రు.

బొత్తాల షాపని ఊరికే పెట్టలేదు. నా దగ్గరకొచ్చే ఆడవాళ్ళకి చెయ్యెత్తమని చెప్పి టేపు చంక కిందుగా తిప్పి పట్టుకుంటానే, అట్లాగే నా కొలత నేను తీసుకుంటున్నాను, ఒళ్ళు కాస్త వచ్చినట్టుందని, ఎడమవైపు టేపు కింద ఏదో తగిలింది. వేలితో వెతికాను. గుండ్రంగా, గట్టిగా, చొక్కా బొత్తాం అంత. అద్దం ముందు అట్లాగే నిలబడిపోయాను, టేపు మెళ్ళో వేలాడుతూ ఉంది, బయట ఎవరో తలుపు కొట్టి నా ప్యాంటు అయిందా అని అడుగుతుంటే అయిందండీ అని మామూలుగానే చెప్పాను, అదే ఆశ్చర్యం, గొంతు దాని పని అది చేసుకుపోతుంది. ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడ పొడుగు నర్సు ఒకమ్మాయి, ఎంత పొడుగంటే యూనిఫాం చేతులు మణికట్టుకి రెండు వేళ్ళు ఇవతలే ఆగిపోతాయి, సూదితో ముక్క తీస్తున్నంతసేపూ నేను ఆ చేతుల్నే చూస్తూ, విప్పి గుడ్డ కలిపి పొడుగు చేసిస్తాను తల్లీ, అన్నాను. ఆ పిల్ల నవ్వి, చిన్న ప్లాస్టరు వేసి, "రిపోర్టులో మాటలు నీకు అర్థం కావక్కా, డాక్టరుగారు చూడగానే నేనే నోటితో చెప్పి పంపిస్తాలే, ఆదివారం డ్యూటీలో ఉన్నా సరే" అంది. నంబరు ఇచ్చింది. ఏ పేరు పెట్టుకోవాలో తోచక, చేతికి తగిలినదేదో అదే పెట్టుకున్నాను.

ఆయనకి ఎట్లా చెప్పను. మా పెద్దాడపడుచు సంగతి తలుచుకుంటేనే. ఆయనకి అక్కే కానీ అమ్మ లాంటిది, ఎత్తుకుని పెంచింది. ఆమెకీ ఇక్కడే గడ్డ వచ్చింది, ఇదే వైపో ఆ వైపో నేను అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, తమ్ముడు కంగారు పడతాడని దాచింది, దాచి దాచి ఇక దాచలేనప్పుడు చెప్పింది. అప్పటికి డాక్టర్ల చేతిలో ఏమీ లేదు. ఆమెను ఆసుపత్రి పైఅంతస్తులో పెట్టినన్నాళ్ళూ ఈయన మెట్లెక్కే వెళ్ళాడు, లిఫ్టుల మనిషి, లిఫ్టు ముందు నుంచి నడిచి వెళ్ళి మెట్లెక్కేవాడు, ఎందుకండీ అంటే, పైకి త్వరగా చేరితే త్వరగా చూడాల్సి వస్తుంది, అన్నాడు. ఆ మాట విన్నదాన్ని, మళ్ళీ ఆ మెట్లే ఎక్కించనా. ఆ ఆసుపత్రి లిఫ్టు చెడిపోతే ఇప్పటికీ తను వెళ్ళడు, తోటివాణ్ణి పంపిస్తాడు. అందుకే చెప్పలేదు. తెలిసేదాకా చెప్పకూడదనుకున్నాను. తీరా తెలిసే ఘడియ వచ్చాక, టింగుమని మెసేజ్ వచ్చి చేతిలో కూర్చున్నాక, తెరవలేకపోయాను. గిన్నెలు కడిగాను, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను, గచ్చు తుడిచాను, ఇక చేసేందుకు ఏమీ మిగలక వచ్చి పడుకుని, ఫోను దిండు కింద తోసి, ఎడమచెయ్యి పిడికిలి బిగించి, చిటికెన వేలు లోపల దాచుకున్నాను. తాళాలన్నీ పరాయివాళ్ళు తెరవకుండా వేసుకుంటారు, నాది నేనే తెరవకుండా వేసుకున్నట్టయింది. వినకపోతే రెండు మాటలూ అందులో అట్లాగే ఉంటాయి, మంచిదీ చెడ్డదీ, పక్కపక్కనే. ఉండనీ, సాయంత్రం దాకా ఉండనీ, రేపటిదాకా ఉండనీ అనుకుంటూ పడుకున్నాను.

మధ్యవేలు. బుర్రు. ఈ వేలు ఒకసారి అవునంటుంది, ఒకసారి కాదంటుంది, ఇవాళ కాదనే అంది. ఎన్నయ్యాయి? బొటనవేలు, చూపుడువేలు, తుడిచిన చూపుడువేలు, ఇది. ఐదుసార్లు తప్పితే ఇక వేలి మాట వినదనీ, అంకెలు అడుగుతుందనీ షాపాయన చెప్పాడు. ఆయనకి అంకెలు తెలియవు. ఇంకొక్కటి తప్పు పెడితే చాలు, నేను గెలిచినట్టే. గెలిచి ఏం చేస్తాను. లేచి కూర్చుని నేనే వినాలి, ఒక్కదాన్నే, ఆ రోజు అద్దం ముందు నిలబడినట్టే.

ఇప్పుడు ఎడమచెయ్యి కోసం నా మీదుగా వంగుతున్నాడు. గ్రీజు వాసన, ఎన్ని సబ్బులు పెట్టినా పోని వాసన, ఆదివారం కూడా ఉంటుంది. చెయ్యి ఎత్తాడు, ఎత్తితే చంక దగ్గర నైటీ పక్కకి జరిగింది. ఆగిపోయాడు. ప్లాస్టరు. చూశాడు. ఏం చేస్తాడిప్పుడు, లేపుతాడు, అరుస్తాడు, అనుకున్నాను. లేదు. ఒక వేలితో, తగిలీ తగలనట్టు, ఆ ప్లాస్టరు అంచు తడిమాడు. ఊడిన అంచుని మళ్ళీ అంటించాడు. మెత్తగా, తెలిసిన చోటుని తడిమినట్టు. అప్పుడు తెలిసింది నాకు, ఇవాళ కొత్తగా చూడటం కాదిది. ముందే చూశాడు. నేను బట్టలు మార్చుకుంటుంటేనో, చెత్తబుట్టలో దూది పడి ఉంటేనో, ఎప్పుడో చూశాడు, చూసి నోరు మూసుకుని తిరుగుతున్నాడు, నేనెప్పుడు చెబుతానా అని. బొత్తాలాయనా లేడు, ప్రేమా లేదు, ఊఁ అన్నది అందుకు కాదు. ఎంతెత్తునైనా కేబులు గట్టిగా పట్టుకుని వేలాడే చెయ్యి, నా పిడికిలిని తెగిపోయే దారం పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఎంత పిచ్చిదాన్ని. ఆయన్ని మెట్లెక్కించకూడదనుకున్నాను, ఆయన ఎప్పటినుంచో మెట్ల మీదే ఉన్నాడు, ఒక్కడే ఎక్కుతున్నాడు.

పిడికిలిలోంచి నా ఎడమ బొటనవేలు విడదీస్తున్నాడు. తప్పు వేలు. అది పెడితే అయిపోతుంది. గుండె దబదబలాడుతోంది, నిద్రలో మనిషి గుండె ఇట్లా కొట్టుకోదని ఈయనకి తెలియదా, తెలిసే ఉంటుంది, మంచమంతా కదులుతున్నట్టుంది నాకైతే. పిడికిలి వదులు చేశాను. నిద్రలో కదిలినట్టే, ఏదో కల వచ్చినట్టే, చిటికెన వేలు చాపాను. చాపి ఆయన అరచేతిలో పెట్టాను. చిటికెన వేలు పట్టుకున్నవాడు అంటారు మొగుణ్ణి, పట్టుకోండి, ఇదిగో. ఆయన కదల్లేదు. చుక్క పడింది రేకు మీద. ఇంకో చుక్క. ఆ వేలిని రెండు వేళ్ళతో పట్టుకుని అద్దానికి ఆనించాడు.

బుర్రుమనలేదు.

తర్వాత ఏం నొక్కాడో, ఆయనకి ఫోనులో గొంతు తగ్గించడం ఎప్పుడూ చేతకాదు, ఒక్కసారిగా గదంతా పొడుగు నర్సు గొంతుతో నిండిపోయింది. "అక్కా, నేనే. రిపోర్టు వచ్చింది, డాక్టరుగారు చూశారు, నన్నే చెప్పెయ్యమన్నారు. అది చెడ్డ గడ్డ కాదక్కా. వట్టి కొవ్వు గడ్డ. విన్నావా, వట్టి కొవ్వు. కొయ్యక్కర్లేదు, మందులక్కర్లేదు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలు. ఇంక హాయిగా పడుకో." నేను పడుకునే ఉన్నాను తల్లీ. ఒంట్లోంచి ఏదో జారిపోయింది, ఎక్కడెక్కడో బిగించి కుట్టిన దారాలన్నీ ఎవరో ఒక్క లాగున లాగేసినట్టు, భుజాలు పరుపులోకి దిగిపోయాయి, మూసిన కళ్ళలోంచే నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, చెవులు చల్లగా ఉన్నాయి. సంతోషంగా ఉంది. ఇంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు. రెండోది దానంతట అదే మోగింది. "అక్కా, చెప్పడం మర్చిపోయా. యూనిఫాం చేతులు రెండు వేళ్ళు పొడుగు చేస్తానన్నావుగా, మూడు వేళ్ళు చెయ్యి. మళ్ళీ ఉతికితే కుదించుకుపోతాయి."

ఆయన మొదటిది మళ్ళీ పెట్టాడు. వట్టి కొవ్వు. మళ్ళీ పెట్టాడు, ఈసారి చెవికి ఆనించుకుని, నాకు కీచుకీచుమని మాత్రమే వినబడింది. ముక్కు ఎగబీల్చాడు. చిటికెన వేలు ఇంకా వదల్లేదు.

"నిద్రలో వేళ్ళు భలే కదుల్తున్నాయే, దర్జీగారూ" అన్నాడు.

కళ్ళు తెరిచాను. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం నవ్వుతోంది, రెండూ ఒకే మొహంలో. "తిట్టండి" అన్నాను.

"అక్క కూడా ఇట్లాగే దాచింది" అన్నాడు. గొంతు పెద్దదైంది, అంతలోనే పగిలింది. "నేనేం గాజు బొమ్మనా, పగిలిపోతానా? ఒక్కదానివే వెళ్ళి పొడిపించుకుని వస్తావా? నేనెందుకు మరి, ఈ ఇంట్లో?"

"మీకు ఎట్లా చెప్పాలో తెలీక."

"నోటితో చెప్పాలి. అందరూ దాంతోనే చెప్తారు."

అవును, నోటితో చెప్పాలి, అంత తేలిక సంగతి. ఇంకా తిట్టాడు, చాలాసేపు తిట్టాడు, ప్లాస్టరు చూసినప్పటినుంచి అన్నం దిగలేదన్నాడు, మనిషివేనా అన్నాడు, నాకు ఒక్కొక్క మాటా చెవులకి ఇంపుగా ఉంది. తిడుతూనే లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు, చక్కెర వెయ్యడం మర్చిపోయాడు, తాగేశాం ఇద్దరం. కిటికీలోంచి తడి ఎండ వచ్చి మంచం మీద పడింది, మిషను మీది గుడ్డ ఇంకా టపటపమంటూనే ఉంది, ఈ గుడ్డా ఈ ఎండా ఈ చప్పటి టీ, అన్నీ నావే, ఎవరూ తీసుకోవడం లేదు.

"ఇటివ్వండి" అని ఫోను తీసుకున్నాను. కొత్త వేలు కలుపుకునే చోటు షాపాయన చూపించాడు, అంకెలు అడిగింది, ఆయన చూస్తుండగానే కొట్టాను. "మీ వేలు పెట్టండి" అన్నాను. నాకెందుకు, అన్నాడు. పెట్టండి అన్నాను. బొటనవేలు పెట్టాడు, ఫోను ఒప్పుకోలేదు, నిండా పాత కోతలు, కోతల్లో ఇంకిన నలుపు. చూపుడువేలూ ఒప్పుకోలేదు. "చూశావా, నా వేళ్ళూ నీ వేళ్ళలాంటివే. ఏది పెట్టమంటావు మరి?"

"పనీపాటా లేనిది" అన్నాను.

చెయ్యి అటూ ఇటూ తిప్పి, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకున్నాడు. ఎప్పుడో లిఫ్టు తలుపులో పడి కొస వంకరపోయిన చిటికెన వేలు, అప్పటినుంచి ఏ పనికీ రానని పక్కకి తప్పుకున్న వేలు, అది పెట్టాడు. ఎత్తి మళ్ళీ పెట్టమంది, ఎత్తి పెట్టాడు, మళ్ళీ ఎత్తమంది, విసుక్కోకుండా ఎత్తాడు, చివరికి అయిందని తెర మీది గుండ్రం నిండింది. తాళం పడేలా ఫోను ఆర్పాడు. వేలు పెట్టాడు, తెరుచుకుంది. మళ్ళీ ఆర్పాడు. మళ్ళీ తెరిచాడు. కొత్త బొమ్మ దొరికినవాడిలా అదే పని.

"అన్నిసార్లు తెరిచి చూడ్డానికి అందులో ఏముందండీ?" అన్నాను.

"ఏమీ లేదు" అన్నాడు, మళ్ళీ వేలు పెడుతూ. "ఏమీ లేదనే చూసుకుంటున్నా."